ఒక గీత ఎక్కువ

మార్చి 6

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. ముందుగా నా రాత చూసి నవ్వకు. అయిదో తరగతితో ఆగిన చెయ్యి ఇది. ఆ తర్వాత నలభై ఏళ్ళు బస్తాల మీద బొగ్గుతో అంకెలు వేసిందే గాని అక్షరాలు పెట్టింది తక్కువ. తప్పులుంటే నువ్వే దిద్దుకుని చదువుకో. మీ అమ్మకు వినిపించేటప్పుడు మాత్రం దిద్దిన సంగతి చెప్పకు. చెల్లెలి దగ్గర నాకు ఆ మాత్రం పరువు ఉండనీ. ఫోను చెయ్యమన్నావు. ఇక్కడ ఫోను ఆఫీసులో అందరి మధ్యా ఉంటుంది. చెవికి పెట్టుకుంటే నాకు మాట రాదు. ఉత్తరమే నయం.

నువ్వు ఇప్పించిన పనిలో చేరి రెండు నెలలయింది. కష్టమేమీ లేదు. ప్రతి మంగళవారం పిల్లల్ని తూచి పుస్తకంలో రాయడం, మిగతా రోజుల్లో పిల్లలకు బలానికి పెట్టే పొడి పొట్లాలు పంచడం. గది చిన్నది. కిటికీ రెక్క ఒకటి మూతపడకపోతే తీగతో కట్టాను. పైకప్పుకి ఉన్న కొక్కేనికి గడియారంలాంటి త్రాసు, దాని కింద గుడ్డ జోలె. పిల్ల కాళ్ళు రెండూ కన్నాల్లో దూర్చి వదిలితే ముల్లు తిరుగుతుంది. కిలోకి పది గీతలు. కొట్లో పళ్ళాల త్రాసు పట్టిన చేతికి మొదట్లో వింతగా ఉండేది. ఇప్పుడు అలవాటయింది.

జోలెలో వేయగానే కొందరు వాన కురిపిస్తారు. నర్సమ్మ ఊరుకోదు. "తాతా, తడిపిన బరువు రాస్తావా, తడపకముందు బరువు రాస్తావా?" అంటుంది. ఆడపిల్ల, నోరు మాత్రం సంత. మనిషి మంచిది.

నువ్వు చెప్పినట్టే అంతా జరుగుతోంది. పై వీధి పిల్లలకు పొడితో పాటు నర్సమ్మ ఇంటింటికీ వెళ్ళి జ్వరాలూ విరేచనాలూ చూసి మందు ఇస్తుంది. కింద వీధి పిల్లలకు పొడి ఒక్కటే. ఎందుకలాగో నాకు తెలియదు. అడిగే ధైర్యం చేసి అడుగుతున్నాను.

తల్లులు ముల్లు చూడరు, నా మొహం చూస్తారు. అదొక్కటే ఇబ్బందిగా ఉంది.

నీ మామయ్య


మార్చి 21

మామయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం అమ్మకు రెండుసార్లు చదివాను. దిద్దలేదు, దిద్దేంత తప్పులు లేవు. "వాడికి ఇన్ని మాటలు వచ్చా!" అని ఆశ్చర్యపోయింది. ఎదురుగా కూర్చుంటే రోజుకు నాలుగు మాటలు, అందులో రెండు 'ఊ'లు, కాగితం మీద మాత్రం కబుర్ల మూటవట. అమ్మకు కంటి పొర ముదిరింది. ఆపరేషన్ అంటే రేపు అంటుంది.

అడగడానికి ధైర్యమెందుకు మామయ్యా, చెప్తాను. తమ్ముడు చనిపోయిన ఏడాది మన కొట్లో ధాన్యం బస్తాలు కప్పును తాకేవి. నాకప్పుడు ఆరేళ్ళు. వాడు తిండి లేక పోలేదు. తట్టు వచ్చి, అది తగ్గాక విరేచనాలు పట్టుకుని, తిన్నది తిన్నట్టు పోయి, పుల్లలా అయిపోయి పోయాడు. ఇక్కడి పెద్ద డాక్టర్లందరూ పిల్లలకు తిండి పెట్టండి, అంతా అదే సర్దుకుంటుంది అంటారు. చిల్లు కుండలో ఎన్ని నీళ్ళు పోస్తే నిలుస్తాయి అంటాను నేను. జబ్బే ఆ చిల్లు. అది పూడ్చిన పై వీధి పిల్లలు, పూడ్చని కింద వీధి పిల్లలకంటే బాగా ఎక్కుతారని నా నమ్మకం. ఏడాది పాటు నువ్వు రాసే అంకెలే సాక్ష్యం. అది నిరూపిస్తే ప్రతి పొడి గది పక్కనా ఒక నర్సును పెట్టించవచ్చు.

రూలు ప్రకారం ముల్లును ఇద్దరు మనుషులు చూడాలి. బజారంతా ఎవరి తూకాన్ని నమ్మేదో వీళ్ళకు తెలియదు కదా. మా మామయ్య త్రాసుకు రెండో కన్ను అక్కర్లేదని నేనే రాసిచ్చాను. నా మాట నిలబెట్టు.

ఒక్కటి మరిచిపోకు. ఏ వీధి పిల్లయినా సరే, వరసగా రెండు వారాలు తగ్గితే ఎర్ర చీటీ రాసి పెద్దాసుపత్రికి పంపాలి. చీటీ ఉంటే అక్కడ వెంటనే చూస్తారు.

నీ అమ్మడు


మే 10

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. చెల్లెలికి చెప్పు, కంటికి రేపు అనేది లేదని. మా నాన్న కూడా రేపు రేపనే చూపు పోగొట్టుకున్నాడు.

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. పిల్లాడి సంగతి నీకు అంత గుర్తుందని అనుకోలేదు.

ఇక్కడ అందరూ బాగున్నారు. పై వీధి మొగలో, మలుపు తిరిగే చోట, ఇస్త్రీ బల్ల పెట్టుకున్న ఆవిడ ఉంది. ఆవిడ కూతురికి ఏడాది దాటింది. గొంతు సన్నం, నోరు ఊరుకోదు, అందుకని పిచ్చుక అని నేనే పేరు పెట్టాను. ఇప్పుడు వీధంతా అదే పిలుస్తున్నారు. ఆ పిల్ల గౌను మడత నలగకుండా వస్తుంది. తూకానికి గౌను విప్పాలంటే తల్లికి ప్రాణం ఉసూరుమంటుంది. "పొద్దున్నే చేశాను తాతా, ఒక్కసారి గౌనుతో చూడు, రాసేదానికి తర్వాత విప్పుతాలే" అంటుంది. కడుపుతో ఉంది మళ్ళీ. నిలబడి పని, నిప్పుల పెట్టె పక్కన. ఏమనగలం.

మార్చి చివర్లో ఒక సంగతి జరిగింది. కింద వీధి పిల్లాడొకడు రెండు గీతలు తగ్గాడు. ఉన్నమాట చెప్పాను. వాళ్ళ నాయనమ్మ పక్కనే ఉంది. "మా ఇంటికొచ్చి ఈవిడ చేసింది ఇది ఒక్కటి, అదీ ఎండబెట్టింది" అని కోడల్ని అందరి ముందూ అనేసింది. ఆ కోడలు పిల్ల ఏడవలేదు. పిల్లాణ్ణి ఎత్తుకుని బయట మెట్ల మీద కూర్చుండిపోయింది. గది మూసే వేళకూ అక్కడే ఉంది. నర్సమ్మ వచ్చి లేపింది. ఆ రోజు నుంచి నేను ఎవరినీ ఏడిపించి పంపడం లేదు. వచ్చినవాళ్ళందరూ నవ్వుకుంటూ వెళ్తున్నారు.

ఎర్ర చీటీల కట్ట కరగలేదు. మొదట నువ్వు ఇచ్చిన కట్టే ఉంది. కొత్తది పంపకు.

అంకెల కాగితాలు దీంతో పెట్టాను. కార్బన్ పాతబడింది, కొన్ని మసకగా ఉన్నాయి.

నీ మామయ్య


జూలై 2

మామయ్యకు నమస్కారాలు.

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమనుకోకు. ఎవరినీ ఏడిపించకుండా పంపుతున్నానని రాశావు చూడు, ఆ వాక్యం ఇక్కడ మా పెద్ద డాక్టరుకు చదివి వినిపించాను. మిగతా కేంద్రాల్లో నాలుగో నెలకే సగం మంది తల్లులు మానేశారు. నీ పుస్తకంలో ఒక్క మంగళవారం ఖాళీ లేదు. మనిషి మాట మంచిదైతే త్రాసు దగ్గరికి జనం వస్తారని ఆయన మెచ్చుకున్నాడు.

కానీ మామయ్యా, నా సంగతి బాగాలేదు. ఆరు నెలల అంకెలు కూర్చి చూశాం. పై వీధీ కింద వీధీ సమానంగా ఎక్కుతున్నాయి. తేడా లేదు. నర్సు వెళ్ళి చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే. పొడి ఒక్కటే చాలని తేలింది. పన్నెండేళ్ళుగా పట్టుకు వేలాడిన మాట తప్పని నా అంకెలే చెప్తుంటే ఎవరితో పోట్లాడను? సమావేశంలో ఒకాయన నవ్వుతూ అన్నాడు, "ఏమ్మా, నీ కుండకు చిల్లు ఎక్కడా కనబడలేదే?" అని. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక అమ్మ నా గొంతును బట్టే కనిపెట్టేసింది.

నర్సు జీతం ఈ నెలలోనే ఆపేస్తున్నారు. పనికిరాని దానికి ఖర్చెందుకని వాళ్ళ ప్రశ్న. ఆవిడకు నువ్వే మెల్లిగా చెప్పు. నాకు రాయడానికి చెయ్యి రావడం లేదు.

నీ అమ్మడు


జూలై 22

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి సంతోషించాలో బాధపడాలో తెలియలేదు. పిల్లలందరూ ఎక్కుతుంటే నీకు ఏడుపెందుకమ్మా? కింద వీధి వాళ్ళూ పిల్లలే కదా. నువ్వు ఓడిపోయినా వాళ్ళు గెలిచారు అనుకో. నాకు తోచింది రాశాను. చదువుకున్నదానివి, నీకు చెప్పేపాటివాణ్ణి కాను.

నర్సమ్మ శనివారం వెళ్ళిపోయింది. నేను చెప్పలేక రెండు రోజులు నసిగాను. చివరికి తనే "తాతా, నీ మొహం చూస్తే తెలుస్తోంది, నా ఉద్యోగమేగా" అంది. మందుల పెట్టె తాళం నాకిచ్చింది. "నీకు మందులు ఇవ్వడం రాదు కాబట్టి నీ చేతిలో పెడుతున్నా, పెట్టె ఖాళీ అయ్యే భయం లేదు" అని నవ్వింది. తన గొడుగు మూలనే మరిచిపోయింది. పంపుదామంటే చిరునామా తెలియదు.

ఇస్త్రీ ఆవిడకు మగపిల్లాడు పుట్టాడు, జూన్లోనే. రాయడం మరిచాను. తల్లీ బిడ్డా క్షేమం. ఈ వీధుల్లో తట్టు తిరుగుతోంది. పిచ్చుకకు కూడా వచ్చింది. మచ్చలు మాడిపోయాయి గాని నర్సమ్మ వెళ్ళిన మర్నాటి నుంచి విరేచనాలు పట్టుకున్నాయి. ఈ మంగళవారం జోలెలో వేస్తే ఏడవలేదు. గౌను విప్పితే గొడవ చెయ్యలేదు. అలా వేలాడుతూ నా వంక చూసింది. నాకు అదే బాగా అనిపించలేదు. తల్లి కూడా, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళనా తాతా అని అడిగింది. పసిగుడ్డును ఎవరి దగ్గర వదలాలో తెలియక తిప్పలు పడుతోంది. రెండు బస్సులు మారాలి, పనీ పోతుంది. డాక్టరమ్మను, అంటే నిన్నే, అడిగి చెప్తానన్నాను. ఈ రెండు వారాల అంకెలు పెడుతున్నాను. చూసి వెంటనే రాయి.

నీ మామయ్య


జూలై 29

మామయ్యకు,

హడావిడిగా నాలుగు ముక్కలు. వచ్చే వారం నివేదిక అచ్చుకు వెళ్తోంది, ఊపిరి ఆడటం లేదు.

నువ్వు పంపిన కాగితంలో పిచ్చుక అంకెలు చూశాను. పోయిన వారం ఏడున్నర కిలోలు, ఈ వారం దాని మీద ఒక గీత. తట్టు తర్వాత, అందులోనూ విరేచనాలతో ఉన్న పిల్ల గీత ఎక్కిందంటే ఒళ్ళు కోలుకుంటున్నట్టే. నీరసం ఉంటుంది కొన్నాళ్ళు. తగ్గితే భయపడాలి గాని ఎక్కుతుంటే భయం లేదు. పసిబిడ్డతో రెండు బస్సులు మారే అవస్థ ఇప్పుడు అక్కర్లేదు. పొడి మానకుండా పెట్టమను, కాచి చల్లార్చిన నీళ్ళు తాగించమను. ఆవిడకు నా మాటగా ధైర్యం చెప్పు.

నర్సమ్మ గొడుగు ఆఫీసులో ఇవ్వు, వాళ్ళు పంపుతారు.

నీ అమ్మడు


ఆగస్టు 14

అమ్మడికి,

ఈ ఉత్తరం మీ అమ్మకు చదవవద్దు.

పిచ్చుక పోయింది. శుక్రవారం ఉదయం. తల్లి ఇస్త్రీ బల్ల కింద గుడ్డ వేసి పడుకోబెట్టి పని చేసుకుంటోందట. చొక్కా మడతపెట్టి వంగి చూస్తే అంతే.

నీ ఉత్తరం వచ్చిన రోజే ఆవిడకు చదివి వినిపించాను. అప్పటికి ఆసుపత్రికి వెళ్దామనే అనుకుంటోంది. బిడ్డను పక్కింటావిడకు అప్పగించే ఏర్పాటు కూడా చేసుకుంది. నీ ఉత్తరం విని, "డాక్టరమ్మే భయం లేదందిగా" అని ఆగిపోయింది. నాకూ ధైర్యం వచ్చింది. నేను రాసిన అంకెనే నువ్వు నాకు తిరిగి చెప్పావని నాకు తట్టనే లేదు. ఆఫీసు పేరు అచ్చువేసిన కాగితం మీద నీ చేతిరాతలో ఉండేసరికి అదేదో నువ్వు కొత్తగా కనిపెట్టి చెప్పిన మాటలా అనిపించింది.

ఏడున్నర మీద ఒక గీత కాదమ్మా. సరిగ్గా ఏడు. అంతకు ముందు వారం ఏడుంబావు కూడా లేదు.

ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఆ మెట్ల మీద కూర్చున్న పిల్ల సంగతి రాశాను కదా. ఆ తర్వాత ఎవరి బిడ్డ తగ్గినా నేను తగ్గిందని రాయలేదు. ముందు వారం రాసినదాని మీద ఒక గీత కలిపి రాసేవాణ్ణి. కొట్లో తూకమయ్యాక గుప్పెడు కొసరు వేస్తాం చూడు, అలాంటిదే అనుకున్నాను. ఎవరికీ నష్టం లేదనుకున్నాను. వచ్చే వారం ఎలాగూ ఎక్కుతాడు, అప్పుడు సరిపోతుందనుకున్నాను. కానీ ఒకసారి గీత కలిపితే మరుసటి వారం దాని మీద ఇంకోటి కలపాలి. లేకపోతే తగ్గినట్టు కనబడుతుంది. అలా కలుపుకుంటూ పోయాను.

శనివారం ఆవిడ, మనం తల్లులకు రాసిచ్చే తూకం కార్డు పట్టుకుని వచ్చింది. జనమంతా ఉన్నారు. అరవలేదు. "తాతా, ఇందులో ఎక్కిందనే ఉందిగా. ఎక్కిన పిల్ల ఎట్లా పోతుంది? నాకు చదువు రాదు, డాక్టరమ్మను అడిగి చెప్పు" అంది. నేను అడుగుతానన్నాను.

చీటీ కట్ట అలాగే ఉంది.

నన్ను ఏం చెయ్యమంటావో రాయి.

మామయ్య


సెప్టెంబరు 1

మామయ్యకు,

పది రోజులు ఈ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఏం రాసినా నిన్ను చంపేట్టు ఉంది, లేదా నన్ను.

ముందు పని సంగతి. నివేదిక ఆపించాను. అచ్చయిన ప్రతులు వెనక్కి తెప్పిస్తున్నారు. పెద్ద డాక్టరుకు జరిగింది చెప్పాను. నీ పేరు చెప్పాను, నా పేరు ముందు చెప్పాను. రెండో మనిషి అక్కర్లేదని సంతకం పెట్టింది నేను. బయటివాడైతే పెట్టేదాన్నా? మా మామయ్య అని పెట్టాను.

నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను. కింద వీధి పిల్లలను చూసే నర్సు లేదు. వాళ్ళే ఎక్కువసార్లు జబ్బుపడి ఉంటారు, ఎక్కువసార్లు తగ్గి ఉంటారు. అంటే నీ గీతలు ఎక్కువ పడింది వాళ్ళ మీదే. రెండు వీధుల మధ్య తేడా నీ గీతల కింద పూడిపోయింది. నేను చెప్పింది తప్పు కాదేమో మామయ్యా. ఇప్పుడు అది కూడా చెప్పలేను. ఆ పుస్తకంలో ఏది పిల్లల బరువో ఏది నీ జాలో ఎవరూ విడదీయలేరు. నర్సును తీసేయించింది ఆ పుస్తకం. పక్కన నర్సు ఉంటే ఆ పిల్ల ఏడవకపోవడం చూసి ఊరుకునేదా?

నేనూ ఊరుకున్నాను. నువ్వు రాసింది రెండు. అంకె ఒకటి, జోలెలో ఏడవలేదన్న మాట ఒకటి. నేను అంకెనే చదివాను.

నీ ఉత్తరం అమ్మకు చదవలేదు. ఏం రాశాడే అని అడిగితే, "బాగున్నాడట, మోకాలు కొంచెం నొప్పట" అన్నాను. అన్నాక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. చూశావా, ఎంత తేలిగ్గా వస్తుందో.

వచ్చే మంగళవారం నుంచి తూకానికి కొత్తమ్మాయి వస్తుంది, ఇంకొకరు పక్కన ఉంటారు. నువ్వు త్రాసు ముట్టుకోకు. ఇస్త్రీ ఆవిడకు నిజం చెప్పాల్సింది నువ్వే, నేను ఉత్తరంలో చెప్పేది కాదు. నర్సును తిరిగి ఇమ్మని రాస్తున్నాను, ఏమంటారో తెలియదు.

పుస్తకంలో ఎక్కడిదాకా పనికొస్తుందో తేల్చాలి. ఎప్పటి నుంచి ఇలా చేస్తున్నావో రాయి. ఉన్నది ఉన్నట్టు.

అమ్మడు


సెప్టెంబరు 12

అమ్మడికి,

నువ్వు రాసిందంతా న్యాయమే. ఒక్క మాటా ఎక్కువ లేదు.

పుస్తకంలో అయితే మార్చి ఆఖరి మంగళవారం నుంచి. దానికి ముందున్నవి సరైనవే. ఆ తర్వాత ఎక్కినవాళ్ళ అంకెలు కూడా నమ్మకు. తగ్గి ఎక్కినవాళ్ళుంటారు, వాళ్ళకు కలిపినది అందులోనే ఉంటుంది.

నువ్వు అడిగింది వారాల సంగతేనేమో. ఎప్పటి నుంచి అన్న మాట చదవగానే నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, మరిచిందెప్పుడు. నువ్వు ఉన్నది ఉన్నట్టు అన్నావు. రాస్తున్నాను. చదివాక చింపెయ్యి, లేకపోతే మీ అమ్మకు వినిపించు, నీ ఇష్టం.

మీ తమ్ముడికి తట్టు తగ్గాక మీ అమ్మ రోజు విడిచి రోజు కొట్టుకు తెచ్చేది. "అన్నయ్యా, కాస్త తూచి చూడు, తేలికైనట్టున్నాడు" అనేది. పెద్ద పళ్ళెంలో గోనె పరిచి కూర్చోబెట్టేవాణ్ణి. వాడు గొలుసు పట్టుకుని ఊగేవాడు. మొదటిసారి తగ్గాడు. మీ అమ్మ మొహం చూశాను. పళ్ళెం అంచు మీద చిటికెన వేలు ఆనించాను. "అంతే ఉన్నాడమ్మా, నీ భ్రమ" అన్నాను. మళ్ళీ తెచ్చింది. మళ్ళీ వేలు ఆనించాను. ఈసారి కాస్త గట్టిగా ఆనించాల్సి వచ్చింది. మీ నాన్న డాక్టరు దగ్గరికి బండి కట్టిస్తానంటే, "అన్నయ్య తూచాడు, బాగానే ఉన్నాడు" అని మీ అమ్మే ఆపింది. బండి కట్టించేసరికి పది రోజులయింది.

నా వేలు సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. నువ్వు ఈ చదువు ఎందుకు చదివావో మార్చిలో రాశావు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. పని పోతుందని కాదు. నువ్వు నన్ను నమ్మావని రాశావు, దాన్ని వదులుకోలేకపోయాను.

ఇస్త్రీ ఆవిడకు చెప్పాను. నీ ఉత్తరం అందిన మరునాడు పొద్దున్నే వెళ్ళి బల్ల పక్కన నిలబడి చెప్పాను. ఆవిడ ఇస్త్రీ ఆపలేదు. ఒక చొక్కా అయింది, ఇంకోటి అయింది. మూడోది చేస్తూ, "నిజం చెప్పుంటే ఎత్తుకుని పరిగెత్తేదాన్ని కదా తాతా" అంది. పెద్దగా కూడా అనలేదు. "నేను ఏడుస్తానని భయమా? ఇప్పుడు ఏడవట్లేదా?" అంది. ఆ తర్వాత, అడ్డం జరుగు, బొగ్గులు పడతాయి అంది.

మామయ్య


డిసెంబరు 3

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. రాయకపోవడానికి కారణం నాకు తెలుసు కాబట్టి అడగను. చెల్లెలి కన్ను ఎలా ఉంది? ఆ ఒక్కటి ఎవరి చేతైనా చెప్పించు.

నర్సమ్మ తిరిగి వచ్చింది. వారానికి మూడు రోజులే. నువ్వు పోట్లాడితే వచ్చిందని, నీ దగ్గర్నుంచి తనకు ఉత్తరం వచ్చిందని చెప్పింది. నా మొహం చూసి వెంటనే మాట మార్చింది. నన్ను ఏమీ అనలేదు. ఆమె ఏదో ఒక ఎగతాళి చేస్తే బాగుండునని ఉంది, చెయ్యడం లేదు.

పెద్ద డాక్టరు నన్ను పొట్లాలు కట్టే పనిలో ఉంచాడు. తూకం గదిలోకి పోను. కొత్తమ్మాయి ముల్లు చూసి చెప్తుంది, ఇంకో ఆవిడ తనూ చూసి రాస్తుంది. తగ్గితే తగ్గిందంటారు. తల్లులు ఏడుస్తున్నారు. ఏడ్చి, చీటీ తీసుకుని వెళ్తున్నారు. ఆ మెట్ల మీద కూర్చున్న పిల్ల కూడా మొన్న తీసుకుంది.

ఇస్త్రీ ఆవిడ రెండు నెలలు నాతో మాట్లాడలేదు. రోజూ ఆ మొగలోంచే వెళ్ళేవాణ్ణి, వేరే దారి ఉన్నా. అక్టోబరు చివర్లో ఒకరోజు వెనక నుంచి "ఇదిగో, ఆగు" అంది. తాత అనలేదు. "ఆ ముల్లు చదవడం నాకు నేర్పుతావా? పిల్లాడిది నేనే చూసుకుంటాను. ఇక ఒకరు చెప్తే వినను" అంది.

చొక్కాల్లో పెట్టే అట్ట మీద బొగ్గుతో గుండ్రం గీసి, గీతలన్నీ వేసి, మధ్యలో చీపురుపుల్ల గుచ్చాను. ఆవిడకు పది దాకా నోటి లెక్క వచ్చు గాని అంకెలు గుర్తుపట్టలేదు. నేను పుల్ల తిప్పుతాను, ఆవిడ చెప్పాలి. మొదటి రోజు తప్పు చెప్తే పోనీలే, దగ్గరగానే చెప్పావు అన్నాను. ఎంత కోపం వచ్చిందో! "దగ్గర ఏంటి? తప్పయితే తప్పు అని చెప్పు" అని అట్ట లాక్కుంది. నాలుగు రోజుల్లో వచ్చేసింది. ఇప్పుడు ఇంకో ముగ్గురు తల్లులు నేర్చుకుంటున్నారు. బల్ల దగ్గర నేను పుల్ల తిప్పుతుంటే వాళ్ళు పోటీలు పడి అరుస్తున్నారు. నేను తప్పు చెప్తే చూడాలని ఒకావిడ కావాలని నన్నే అడుగుతుంది.

పోయిన వారం మంగళవారం పిల్లాణ్ణి జోలెలో వేశారు. పొట్లాల గది తలుపు తీసే ఉంది, నాకు వినబడింది. కొత్తమ్మాయి నోరు తెరవకముందే ఆవిడ పైకి చదివింది. "ఆరు మీద మూడు గీతలు. పోయిన వారం అయిదు గీతలు." కొత్తమ్మాయి అవునంది. రాసే ఆవిడ అవునంది. నర్సమ్మ ఛాతీకి గొట్టం పెట్టి చూసి, "దగ్గుంది గాని ఇది మొదటి వారమే. వచ్చే వారం కూడా తగ్గితే చీటీ ఇస్తాం. రూలు నాది కాదమ్మా, డాక్టరమ్మది" అంది.

ఆవిడ ఏడవలేదు, వాదించలేదు. పిల్లాణ్ణి గుడ్డలో చుట్టి నా గది గుమ్మంలోకి వచ్చింది. "చీటీ లేకుండా నిలబడితే ఎంతసేపటికి చూస్తారో. నాతో ఇంకో మనిషి ఉంటే వరసలో ఒకరం నిలబడొచ్చు. వస్తావా?" అంది. వెళ్ళాను. రెండు బస్సులు. సాయంత్రం దాకా వరస. లోపలి డాక్టరు చూసి నెమ్ము అన్నాడు, వెంటనే చేర్చుకున్నాడు. ఎనిమిది రోజులయింది. ముక్కుకు గొట్టం ఉంది. నిన్న రెండుసార్లు పాలు తాగాడు, ఒకసారి కక్కాడు. బాగుంటాడని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

ఈ ఉత్తరం ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఆవిడ పక్కనే ఉంది. నీకు రాస్తున్నానని తెలుసు. ఒక మాట అడగమంది. ఆవిడ చెప్పినట్టే రాస్తున్నాను. "చీటీ ఇవ్వడానికి రెండు వారాలు తగ్గాలని ఎందుకు పెట్టారు? ఒక్క వారానికే ఎందుకు ఇవ్వకూడదు? ఆ రెండో వారం ఎవరి కోసం?"

పెద్దవాళ్ళు ఆలోచించే పెట్టి ఉంటారన్నాను. "నేను నిన్ను అడగలేదు, ఆవిడను అడగమన్నాను" అంది. నిజమే.

కారణం ఉంటే కారణం రాయి. లేకపోతే లేదని రాయి. నాకు రాయనక్కర్లేదు, ఉత్తరం ఆవిడ పేరు మీదే రాయి, పై వీధి మొగలో ఇస్త్రీ బల్ల అంటే టపా మనిషికి తెలుసు. ఆవిడకు అక్షరాలు రావు, అంకెలే వచ్చాయి. నేను చదివి వినిపిస్తాను. పక్కన నర్సమ్మను కూర్చోబెట్టుకునే చదువుతాను.

ఇక్కడ మళ్ళీ తూకం మంగళవారం వస్తోంది. త్వరగా రాయమ్మా.

నీ మామయ్య